అరవై ఆరు డివిజన్లు... ఒక్క మోరీ!

ఎన్నికల ఫలితాలంటే మనకు గుర్తొచ్చేవి దిల్లీ, హైదరాబాదే. ముఖ్యమంత్రి ఎవరు, మంత్రులెవరు, ఏ పార్టీకి ఎన్ని సీట్లు... టీకొట్టు దగ్గర ఆ లెక్కలన్నీ వేళ్ల మీద చెప్పేస్తారు. అదే 'మీ డివిజన్ కార్పొరేటర్ ఎన్ని ఓట్లతో గెలిచారు?' అని అడిగి చూడండి. పదిమందిలో ఎనిమిదిమంది తల గోక్కుంటారు. నిజానికి పొద్దున లేవగానే నల్లా తిప్పినప్పటి నుంచీ రాత్రి వీధి దీపం వెలిగేదాకా మన రోజు గడిచేది ఆ చిన్న ఎన్నిక చేతిలోనే. వరంగల్‌లోని కొత్తవాడను చూస్తే ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

కొత్తవాడ అనగానే ఓరుగల్లు వాసులకు గుర్తొచ్చేది మగ్గం. జంపఖానాలు, తువ్వాళ్లు, దుప్పట్లు నేసే వాడ అది. ఇంటి ముందు గదిలో మగ్గం, వెనక గదిలో సంసారం. ఒక చేత్తో కండెలు చుడుతూ మరో చేత్తో కూర తిప్పే ఇల్లాళ్లకు అక్కడ కొదవలేదు. ఇలాంటి ఇంట్లోకి వాన నీళ్లొస్తే తడిసేది మంచమూ బియ్యమూ మాత్రమే కాదు, మగ్గం మీదున్న నూలు కూడా. అంటే ఆ నెల కూలీ మొత్తం! అందుకే 'మోరీ తీశారా లేదా' అన్నది అక్కడ రాజకీయాల్లో పెద్ద ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అసెంబ్లీ కాదు, బల్దియా.

అంకెలు ఏం చెప్పాయి?
బల్దియా అంటే గ్రేటర్ వరంగల్ మహానగరపాలక సంస్థ. దానికి చివరి రెండు ఎన్నికలు 2016లో, 2021లో జరిగాయి. ముందుగా 2016 సంగతి. ఆ ఏడాది మార్చి 6న పోలింగ్, 9న లెక్కింపు. మొత్తం డివిజన్లు 58. వాటిలో తెరాసకు 44, కాంగ్రెస్‌కు 4, భాజపాకు 1, సీపీఎంకు 1 దక్కాయి. మిగిలిన ఎనిమిదిచోట్ల స్వతంత్రులు గెలిచారు. నన్నపునేని నరేందర్ మేయరయ్యారు. 2018 డిసెంబరులో ఆయన వరంగల్ తూర్పు నుంచి అసెంబ్లీకి వెళ్లడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. 2019లో గుండా ప్రకాశ్‌రావు అందులో కూర్చున్నారు.

ఐదేళ్లు గిర్రున తిరిగాయి. 2021 ఏప్రిల్ 30న మళ్లీ పోలింగ్, మే 3న లెక్కింపు. ఈసారి డివిజన్లు 66 అయ్యాయి. తెరాసకు 48, భాజపాకు 10, కాంగ్రెస్‌కు 4, ఇతరులకు 4 వచ్చాయి. మే 7న గుండు సుధారాణి మేయర్‌గా, రిజ్వానా షమీమ్ డిప్యూటీ మేయర్‌గా ఎన్నికయ్యారు. సుధారాణి అంతకుముందు రాజ్యసభ సభ్యురాలిగా పనిచేసినవారే.

పైకి చూస్తే రెండు ఫలితాలూ ఒకలాగే ఉన్నాయి కదూ? అధికార పార్టీదే పైచేయి, మేయరూ వాళ్లే. కానీ కాస్త తరచి చూస్తే కథ వేరే. 2016లో ఒక్క డివిజన్‌తో సరిపెట్టుకున్న భాజపా 2021లో పదికి చేరింది. కాంగ్రెస్ మాత్రం నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా సొంత పలుకుబడితో గెలిచి వచ్చిన ఎనిమిది మంది బలం బాగా తగ్గిపోయింది. వాడలో అందరికీ తెలిసిన మనిషి కంటే గుర్తు పెద్దదైపోయిందన్నమాట. గల్లీ ఎన్నిక నెమ్మదిగా అసెంబ్లీ ఎన్నికకు నకలుగా మారడాన్ని ఈ అంకెల్లో చూడొచ్చు.

గీత మారితే గెలుపు మారుతుంది
58 డివిజన్లు 66 ఎలా అయ్యాయి? అక్కడే ఉంది అసలు కిటుకు. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలను నగరంలో కలిపారు. 2015లో 'గ్రేటర్' హోదా వచ్చింది. వరంగల్, హన్మకొండ, కాజీపేట అనే మూడు పట్టణాల పక్కన వరి పొలాలున్న ఊళ్లు కూడా వచ్చి చేరాయి. నగరం విస్తీర్ణం నాలుగొందల చదరపు కిలోమీటర్లు దాటింది. జనాభా 2011 లెక్కల ప్రకారమే ఎనిమిది లక్షల పైచిలుకు. ఇంత పెద్ద నగరాన్ని మళ్లీ ముక్కలు చేసినప్పుడు గీతలు అటూ ఇటూ జరగక తప్పదు. నిన్నటిదాకా ఒకే డివిజన్‌లో ఉన్న ఎదురెదురు ఇళ్లు రేపు రెండు డివిజన్లలోకి పోవచ్చు. మోరీ ఒక్కటే, దాన్ని పట్టించుకోవాల్సిన కార్పొరేటర్లు మాత్రం ఇద్దరు! 'అది మా వైపు కాదు' అంటే 'మా వైపు కాదు' అనుకునే ఇబ్బంది ఇలాగే మొదలవుతుంది.

మరో మార్పు రిజర్వేషన్లది. తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం సగం స్థానాలు మహిళలకే. అది మేలే. మగ్గం పనిలో సగానికి పైగా చాకిరీ ఆడవాళ్లదైన వాడలో కుర్చీలో సగమైనా వాళ్లది కావద్దూ! అయితే కార్పొరేటరమ్మ పేరు మీద భర్తో కొడుకో పెత్తనం చేసే అలవాటు తెలుగునాట ఇంకా పూర్తిగా పోలేదు. ఆమెకే నేరుగా ఫోన్ చేసి 'నల్లా రావట్లేదక్కా' అని చెప్పే వీధుల్లో ఆ అలవాటు త్వరగా పోతుంది. ఈ విషయంలో చట్టం చేయగలిగింది సగమే. మిగతా సగం ఓటరు చేతిలో ఉంది.

వందలో ఇరవై చాలు!
2021లో గ్రేటర్ వరంగల్ ఓటర్లు ఆరున్నర లక్షల మంది. అంటే డివిజన్‌కు సగటున పదివేలకు దగ్గర. బరిలో దిగినవారు దాదాపు 500 మంది. అంటే ఒక్కో డివిజన్‌లో ఏడెనిమిది మంది పోటీ. ఓటేసినవాళ్లు సుమారుగా సగం మందే. ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం. ఇది కేవలం ఉదాహరణ సుమా!

ఒక డివిజన్‌లో పదివేల ఓట్లున్నాయనుకుందాం. ఐదువేలు పోలయ్యాయి. ఎనిమిది మంది ఆ ఓట్లను పంచుకున్నారు. మొదటివారికి రెండువేలు, రెండోవారికి పదిహేను వందలు, మూడోవారికి ఎనిమిది వందలు, మిగతా ఏడు వందలూ అయిదుగురికి తలా కొన్ని. గెలిచిందెవరు? రెండువేలు వచ్చిన అభ్యర్థి. అంటే డివిజన్‌లోని ప్రతి వందమంది ఓటర్లలో ఇరవై మంది ఇష్టపడితే చాలు, ఐదేళ్లపాటు అందరి తరఫునా మాట్లాడే హక్కు వచ్చేసినట్టే. ఇంట్లో కూర్చున్నది ఐదువేల మంది. గెలుపోటములకు తేడా ఐదొందలు. ఇంట్లో కూర్చున్నవాళ్లలో పదోవంతు మంది బయటికొచ్చి రెండో అభ్యర్థికి ఓటేసినా ఇద్దరూ సమానమైపోయేవాళ్లు!

'నా ఒక్క ఓటుతో ఏమవుతుంది' అనే మాట లోక్‌సభ ఎన్నికల్లో కొంతవరకు చెల్లుతుందేమో. అక్కడ ఓటర్లు లక్షల్లో ఉంటారు. డివిజన్ ఎన్నికలో మాత్రం ఆ మాట అస్సలు చెల్లదు. ఒక పెద్ద గల్లీ, ఓ రెండు కాలనీలు కలిసి అనుకుంటే ఫలితం తారుమారే.

భయం నీడలో పోలింగ్
అయితే 2021లో జనం రాకపోవడానికి బద్ధకాన్ని ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. ఆ రోజులు తలచుకోండి. కరోనా రెండో అల దేశాన్ని వణికిస్తున్న ఏప్రిల్ అది. రాష్ట్రంలో రాత్రి కర్ఫ్యూ. ఆసుపత్రుల్లో మంచాల కోసం, ఆక్సిజన్ కోసం వెతుకులాట. ఇలాంటప్పుడు ఎన్నికలేమిటంటూ హైకోర్టు కూడా రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని నిలదీసింది. అప్పటికే ప్రక్రియ చాలా దూరం వెళ్లిపోవడంతో అనుకున్న రోజే పోలింగ్ జరిగిపోయింది. వరంగల్, ఖమ్మం నగరాలతోపాటు సిద్దిపేట, అచ్చంపేట, జడ్చర్ల, నకిరేకల్, కొత్తూరు పట్టణాల్లోనూ ఆ రోజే ఓట్లు పడ్డాయి. ఊరేగింపులు వద్దన్నారు. గెలిచినవాళ్లు డప్పు చప్పుడు లేకుండానే ఇంటికెళ్లారు.

ఇక్కడో విచిత్రం ఉంది. వరంగల్ మేయర్ ఎన్నిక జరిగింది మే 7న కదా... సరిగ్గా దానికి ముందురోజు, 2021 మే 6న, ఇంగ్లండ్‌లోని నగరాలూ ఓటేశాయి. కరోనా భయంతో వాళ్లు 2020 మేలో జరగాల్సిన స్థానిక ఎన్నికల్ని ఏకంగా ఏడాది వాయిదా వేసుకున్నారు. ఆ ఏడాది వంతూ ఈ ఏడాది వంతూ కలిపి ఒకేరోజు జరిపారు. పైగా కోరినవాళ్లకు పోస్టులో ఓటేసే వీలు అక్కడ ఎప్పటి నుంచో ఉంది. ఇంట్లో ముసలివాళ్లున్నా, జ్వరమొచ్చినా ఓటు పోదు. మన దగ్గర స్థానిక ఎన్నికల్లో మామూలు ఓటరుకు ఆ వెసులుబాటు లేదు. ప్రాణమా ఓటా అని తేల్చుకోవాల్సి వస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఆ రోజు ఇళ్లలో ఉండిపోయిన సగం మందిలో ఎందరో అదే తేల్చుకున్నారు.

అడిగే దిక్కులేని రోజులు
ఎన్నికైన పాలకవర్గం విలువ తెలియాలంటే అది లేని రోజుల్ని గుర్తుచేసుకోవాలి. ఓరుగల్లుకు మున్సిపాలిటీ నిజాం కాలంలోనే, 1899లోనే వచ్చింది. 1994లో అది నగరపాలక సంస్థ అయింది. 2005 ఎన్నికల తర్వాత కాంగ్రెస్‌కు చెందిన ఎర్రబెల్లి స్వర్ణ మేయరయ్యారు. ఆ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది ఎప్పుడో తెలుసుగా... 2016లో! మధ్యలో ఐదేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలనే.

గడువు ముగిసేలోగా కొత్త ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం 74వ సవరణ చెబుతోంది. 1993 నుంచి అది అమల్లో ఉంది. అయినా గ్రామాల విలీనమనీ, ఉద్యమమనీ, రాష్ట్ర విభజన అనీ, వార్డుల విభజన అనీ వాయిదాలు పడుతూనే వచ్చాయి. అధికారులు చెడ్డవాళ్లని కాదు. కానీ ఓ అధికారికి నగరమంతా ఒక్కటే పటం. ఫలానా సందులో మూడో ఇంటి ముందు మూత లేని మ్యాన్‌హోల్ ఉందన్న సంగతి ఆ పటంలో కనపడదు. అది తెలిసేది ఆ సందులో తిరిగే మనిషికే. అర్ధరాత్రి తలుపు కొట్టి 'అన్నా, నీళ్లొచ్చినయ్' అని చెప్పుకోవడానికి ఓ ఇల్లంటూ ఉండాలి. కార్పొరేటర్ ఇల్లంటే అదే.

ఆ అర్ధరాత్రి కష్టం ఊహించి చెప్పేది కాదు. 2020 ఆగస్టులో కురిసిన వానలకు వరంగల్ కాలనీలు చెరువులయ్యాయి. నాలాల మీద కట్టిన కట్టడాల గురించి అప్పుడు పెద్ద చర్చే జరిగింది. 2023 జులైలో మళ్లీ అదే గోస. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను ప్రభావంతో వరంగల్, హన్మకొండ కాలనీలు ఇంకోసారి నీట మునిగాయి. కాకతీయులు చెరువులు తవ్వించిన నేల ఇది. వాన నీరు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోవాలో ఎనిమిది వందల ఏళ్ల కిందటే లెక్కగట్టిన ఊరు. అలాంటి ఊళ్లో ఇప్పుడు వానొస్తే సామాను మంచం మీదికెక్కించుకోవాల్సి వస్తోంది. నాలా ఎక్కడ మూసుకుపోయిందో, ఎవరు మూశారో తేల్చడం కంటే పెద్ద ఎన్నికల అంశం ఓరుగల్లులో ఏముంటుంది?

బల్దియా చేసేదేంటి... చేయలేనిదేంటి?
ఓట్లడగడానికి వచ్చినప్పుడు అందరూ అన్నీ చేస్తామంటారు. అందుకే కార్పొరేటర్‌ను ఏం అడగాలో తెలిసుండటం ముఖ్యం. తాగునీరు, మురుగు, చెత్త, వీధి దీపాలు, గల్లీ రోడ్లు, శ్మశానాలు, పార్కులు, జనన మరణ ధ్రువపత్రాలు, ఇళ్ల అనుమతులు, దుకాణాల లైసెన్సులు, ఆస్తి పన్ను... ఇదీ బల్దియా పద్దు. 2019 నాటి మున్సిపల్ చట్టంలో కొత్తవాడలాంటి ఇరుకు వాడలకు పనికొచ్చే మాట ఒకటుంది. 75 గజాల్లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారు అనుమతి కోసం తిరగక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి వివరాలు నమోదు చేసుకుంటే చాలు. ఆ సంగతి తెలియని ఇంటిని దళారి చాలా తేలిగ్గా పట్టుకుంటాడు.

అదే చట్టం ప్రతి డివిజన్‌లోనూ నాలుగు వార్డు కమిటీలుండాలంది. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్ద వయసువారికి ఒకటి, అనుభవమున్న ప్రముఖులకు ఒకటి. ఒక్కో దానిలో 15 మంది. అంటే డివిజన్‌కు 60 మంది! 66 డివిజన్లకు లెక్కేస్తే దాదాపు నాలుగు వేల మంది సామాన్యులు నగరపాలనలో ఓ చెయ్యి వేయొచ్చు. మరి మీ డివిజన్ కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? కార్పొరేటర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

ఇక బల్దియా చేయలేనివి. నూలు ధర తగ్గించడం దాని చేతిలో లేదు. జంపఖానాలకు మార్కెట్ వెతకడం, నేతన్న అప్పు మాఫీ చేయడం, మరమగ్గాలకు కరెంటు రాయితీ ఇవ్వడం... ఇవన్నీ రాష్ట్రం, కేంద్రం చూడాల్సినవి. 1934లో మొదలై వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహీ మిల్లు మూతపడినప్పుడూ నగరపాలక సంస్థ చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది లేదు. కానీ మగ్గమున్న ఇంట్లోకి నీళ్లు రాకుండా చూడటం మాత్రం అచ్చంగా దాని పనే. రంగుల అద్దకం నీరు ఎటు పోవాలి, నేసిన సరుకు మోసే ఆటో గల్లీలోకి వచ్చేంత దారి ఉందా, ఎండాకాలంలో నల్లా ఎన్ని రోజులకోసారి వస్తోంది... నేత బతుకులో సగం సమస్యలు ఈ చిట్టాలోనివే.

ఓరుగల్లు నేతకూ ఇంగ్లండ్‌కూ పాత చుట్టరికమే ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు ప్రపంచం కళ్లు తెరిపించాయి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నూటయాభై ఏళ్లు దాటినా పేరు నిలబడింది. ఆ పేరును నిలబెట్టిన వీధుల్లో మోరీ కూడా సరిగ్గా నిలబడాలి కదా!

సముద్రం అవతల ఓ నగరం
ఇంగ్లండ్ నగరాల్లో ఈ వ్యవహారం ఎలా ఉంటుందో చూస్తే మనకు కొన్ని కొత్త ఆలోచనలు రాకపోవు. బ్రిస్టల్‌ సంగతే తీసుకోండి. 2012లో అక్కడి జనం ఓటేసి 'మాకు నేరుగా ఎన్నుకునే మేయర్ కావాలి' అన్నారు. పదేళ్లు చూశారు. అధికారమంతా ఒక్కరి చేతిలోనే ఉంటోందనుకున్నారో ఏమో, 2022లో మళ్లీ ఓటేసి 'ఆ పదవే వద్దు' అన్నారు. 2024 మేలో జరిగిన ఎన్నికల్లో మొత్తం 70 స్థానాలకుగాను గ్రీన్ పార్టీకి 34, లేబర్‌కు 21, లిబరల్ డెమోక్రాట్లకు 8, కన్జర్వేటివ్‌లకు 7 వచ్చాయి. మెజారిటీకి కావాల్సింది 36. ఎవరికీ రాలేదు. అయినా పాలన ఆగలేదు. వేర్వేరు పార్టీల కౌన్సిలర్లతో కమిటీలు వేసుకుని రోడ్లు, ఇళ్లు, పిల్లల సంక్షేమం వంటివాటిని నడుపుకుంటున్నారు.

మన దగ్గరా ఒకప్పుడు మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకునేవారు. 2002లో హైదరాబాద్ మేయర్ తీగల కృష్ణారెడ్డి అలా గెలిచినవారే. తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు మేయర్‌ను ఎన్నుకునేది కార్పొరేటర్లూ, వారితోపాటు ఎక్స్‌అఫీషియో సభ్యులుగా ఉండే ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలూ. అదీ చేతులెత్తి. తేడా ఏమిటంటే, ఏ పద్ధతి ఉండాలో బ్రిస్టల్‌లో జనాన్ని అడిగారు. మన దగ్గర చట్టం మారిన సంగతి జనానికి పేపర్లో చదివాకే తెలిసింది.

అలాగని అక్కడంతా బంగారమేం కాదు. బర్మింగ్‌హామ్ నగరపాలక మండలి 2023 సెప్టెంబరులో 'ఖజానా ఖాళీ, కొత్త ఖర్చులు పెట్టలేం' అని నోటీసిచ్చేసింది. మహిళా సిబ్బందికి సమాన వేతనాల కింద చెల్లించాల్సిన బాకీలు దానికో ముఖ్య కారణం. 2024లో ఇంటి పన్ను దాదాపు పది శాతం పెంచారు. 2025లో చెత్త కార్మికులు సమ్మెకు దిగితే వీధుల్లో సంచులు గుట్టలుగా పేరుకుపోయాయి, ఎలుకలు తిరిగాయి. బ్రిటన్‌లో రెండో పెద్ద నగరం గతి అది! మోరీ, చెత్తబండి అనేవి పేద దేశాల గొడవలని ఎవరైనా అనుకుంటే పొరపాటే. పాలకమండలి లెక్క తప్పితే ఎక్కడైనా ముందు కంపు కొట్టేది వీధే.

అక్కడ ఓటేస్తారు... ఇక్కడ?
ఇంకో ఆసక్తికరమైన సంగతి. కామన్‌వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా ఇంగ్లండ్‌లో నివసిస్తుంటే అక్కడి నగర ఎన్నికల్లో ఓటేయొచ్చు. భారతీయులూ అందులోకే వస్తారు. చదువుకోడానికి వెళ్లిన కుర్రాళ్లకూ ఆ హక్కుంది. అంటే వరంగల్ నుంచి పైచదువుకని బర్మింగ్‌హామ్ వెళ్లిన అమ్మాయి అక్కడి కౌన్సిలర్‌ను ఎన్నుకోవచ్చు. సాయంత్రం పార్ట్‌టైమ్ కొలువు ముగించుకుని కూడా వెళ్లొచ్చు. ఎందుకంటే అక్కడ పోలింగ్ రాత్రి పదింటిదాకా ఉంటుంది. పోటీ చేయాలన్నా డిపాజిట్ అక్కర్లేదు. స్టోక్-ఆన్-ట్రెంట్ నగరానికి మన తెలుగువారే అయిన డాక్టర్ చంద్ర కన్నెగంటి లార్డ్ మేయర్‌గా పనిచేశారు కూడా.

మరి ఆ అమ్మాయి అమ్మానాన్నలు ఇక్కడ ఓటేశారా? అక్కడికెళ్లిన బిడ్డ 'కౌన్సిల్‌కు మెయిల్ పెడితే రెండు రోజుల్లో వీధి దీపం బాగుచేశారు' అని ఫోన్లో గొప్పగా చెబితే మురిసిపోతాం. ఇక్కడ మన వీధి దీపం గురించి ఎన్నిసార్లు అర్జీ పెట్టామో ఎవరికి వారు గుర్తుచేసుకోవాల్సిందే.

జెండా మారినా...
ఫలితాలు వచ్చిన రోజు ఉన్న లెక్క ఐదేళ్లూ అలాగే ఉంటుందనుకోవద్దు. తెరాస 2022లో భారాస అయింది. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. వరంగల్ తూర్పులో కాంగ్రెస్ తరఫున కొండా సురేఖ గెలిచారు. 2024 మార్చిలో మేయర్ సుధారాణి కాంగ్రెస్‌లో చేరారు. 2021లో ఓటరు ఒక గుర్తు మీద ముద్ర వేస్తే, మూడేళ్లు తిరిగేసరికి మేయర్ కుర్చీ మీద మరో జెండా కనిపించింది. ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ వర్తించే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు నగరపాలక సంస్థలకు వర్తించదు. ఇది ఒక్క పార్టీ కథో, ఒక్క నగరం కథో కాదు. రాష్ట్రంలో ఎవరు అధికారంలో ఉంటే బల్దియాలు అటే వాలడం తెలుగునాట పాత ముచ్చటే. నిధులు పైనుంచి రావాలి కాబట్టి అటు వెళ్లక తప్పలేదని వెళ్లినవాళ్లు చెబుతారు. మరి మేం వేసిన ఓటు సంగతేంటని వేసినవాళ్లు అడుగుతారు. రెండింటిలోనూ కొంత నిజముంది. బల్దియాకు సొంత ఆదాయం పెరిగి, పైనుంచి వచ్చే నిధులు ముఖం చూసి కాకుండా లెక్క చూసి వస్తే ఈ దూకుళ్లకు సగం కారణం పోతుంది.

అప్పటిదాకా ఓటరుకు ఉన్న ఉపాయం ఒక్కటే. గుర్తుతోపాటు మనిషినీ చూడటం. గెలిచాక కూడా వదలకుండా అడగటం. డివిజన్‌కు ఈ ఏడాది ఎన్ని నిధులొచ్చాయి, ఏ గల్లీకి ఎంత ఖర్చయింది, నాలా పూడిక ఏ నెలలో తీస్తారు, వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది... ఈ నాలుగు ప్రశ్నలూ ఓ తెల్లకాగితం మీద రాసి కార్పొరేటర్ ఇంటికెళ్లడానికి పార్టీ కండువా అక్కర్లేదు. కొత్తవాడలో జంపఖానా నేసేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పోగు తెగితే అక్కడే ఆపి ముడేస్తారు. మొత్తం నేశాక చూద్దాంలే అనుకుంటే ఆ తెగిన పోగు జంపఖానా పొడవునా గీతలా కనిపిస్తుంది. ఐదేళ్లకోసారి ఓటేసి ఊరుకోవడమంటే అదే. వానాకాలం రాకముందే మోరీ సంగతి అడగాలి!